తొట్టికి ఎనిమిది చెక్కలు

క్రేన్ హాలో, మిస్సోరి
1977 అక్టోబరు 9, ఆదివారం

తమ్ముడూ డోయల్,

ఎలా ఉన్నావని అడగను. అడిగితే బాగున్నాననే రాస్తావు. నేను మాత్రం బాగాలేను. మంగళవారం సంతకి తోలుకెళ్తున్న ఎర్ర దూడను దారిలోనే నా చేత్తో చంపుకున్నాను.

నాన్న ట్రక్కు తొట్టి అడుగు చెక్కలు పుచ్చిపోయాయని నాకు తెలుసు. మీద రేకు ముక్క పరిచి ఏదోలా నెట్టుకొస్తున్నాను. వంతెన దాటాక వెనక నుంచి ఒక అరుపు వినబడింది. అద్దంలో చూస్తే దూడ లేదు, చెవులు మాత్రమే ఉన్నాయి. ఆపి దిగి చూశాను. వెనక కాళ్ళు రెండూ చెక్కలోంచి కిందికి దిగిపోయాయి. ఎంత దూరం నుంచి రోడ్డు మీద ఈడ్చుకొస్తోందో ఏమో, గిట్టలు లేవు, ఎముకలు తేలాయి. సీటు వెనక సమ్మెట తప్ప ఇంకేమీ లేదు. మూడు దెబ్బలు పట్టింది. మొదటిది సరిగ్గా తగల్లేదు, అది నా వైపే చూస్తూ ఉంది. ఆ చూపు ఐదు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

అంతటితో పోలేదు. సమ్మెట నా చేతిలో ఉండగానే ఎమ్మెట్ స్ట్రౌడ్ బండి వచ్చి పక్కన ఆగింది. మోచెయ్యి కిటికీలో పెట్టుకుని, తీరిగ్గా చూసి, "మీ ఇంట్లో ఆడా మగా అందరికీ చంపడం బాగానే వచ్చు" అన్నాడు. సమ్మెట వాడి మీదికి విసిరాను. తలుపు సొట్టపోయింది. తమ్ముడు లెవీ చచ్చిన బాధ వాడిదైతే, తొమ్మిదేళ్ళుగా నా తమ్ముడు జైల్లో మగ్గుతున్న బాధ నాది. వాడి మాటలు పడే ఓపిక నాకు లేదు.

ఇక మంచి మాట. సామిల్లు ఆర్లిస్ పెరోల్ వాళ్ళకి ఉత్తరం రాసిస్తానన్నాడు. నువ్వు బయటికొస్తే సొంత బండితో దుంగలు తోలే పని ఇస్తాడట. కానీ ముసలాయన గట్టివాడు. "అడుగు లేని బండికి పని ఉందని నేను సంతకం పెట్టను" అన్నాడు. మార్చిలో నీ విచారణ. ఆ లోపల తొట్టికి కొత్త అడుగు వేయించాలి. ఏ చెక్క, ఏ మందం, ఎలా బిగించాలి, అన్నీ రాయి. నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నవాడివి నువ్వే కదా.

నీ అక్క
ఒలీటా


రాష్ట్ర జైలు
అక్టోబరు 18

అక్కా,

దూడ సంగతి చదివి బాధ పడ్డాను. సమ్మెట విసిరినందుకు ఇంకా బాధ పడ్డాను. విచారణ రోజున ఎమ్మెట్ వచ్చి నా మీద నాలుగు మాటలు చెబితే నా పని అయిపోయినట్టే. వాడి జోలికి పోకు. ఎదురుపడితే తల దించుకుని వెళ్ళిపో. నీకది చేతకాదని తెలుసు, అయినా రాస్తున్నాను.

చెక్కలు ఎనిమిది కావాలి, ముప్పావు అంగుళం మందం. బజారులో పైన్ చెక్కలు దొరుకుతాయి, అవి చాలు. పాత వాటిని పీకేటప్పుడు మధ్యలో ఉన్న ఇనప పట్టీలు వంచకు, అవే మళ్ళీ వాడుకోవాలి. బోల్టులు తుప్పు పట్టి తిరగవు. తిప్పాలని చూడకు, తలలు నరికేయ్. చెక్క చెక్కకీ మధ్య గోరు పట్టేంత సందు ఉంచు, వానకి ఉబ్బినప్పుడు చోటు కావాలి. ఆ సందు మీద పట్టీ కూర్చుంటుంది. అడుగు వైపు కూడా నల్ల రంగు వెయ్యి. నాన్న వెయ్యలేదు, అందుకే పుచ్చిపోయింది.

ఇక్కడ నిన్న భోజనం వరసలో నా ముందు నిలబడ్డవాణ్ణి పొడిచారు. మొక్కజొన్న రొట్టె ముక్క దగ్గర గొడవ. చెంచా అరగదీసి చేసిన కత్తి. వాడి నెత్తురు నా పళ్ళెంలో పడింది. వరసలో ఎవరూ కదల్లేదు, పళ్ళెం పారేస్తే మళ్ళీ పెట్టరు. ఇలాంటివి నీకు రాయకూడదనుకుంటాను, కానీ ఇక్కడ రాయడానికి ఇంకేముంటుంది?

మన ఉత్తరాలు రెండు వైపులా విప్పి చదివాకే పంపుతారు. అది గుర్తు పెట్టుకుని రాయి.

డోయల్


క్రేన్ హాలో
అక్టోబరు 30

తమ్ముడూ,

చదివేవాళ్ళని చదవనీ. మనం దొంగ మాటలు రాసుకోవడం లేదు. అయ్యా, చదువుతున్న పెద్దమనిషీ, మా తమ్ముడికి పంపిన ఉన్ని మేజోళ్ళు మీరే తొడుక్కుంటున్నారని నాకు తెలుసు.

పాత చెక్కలు పీకేశాను. రెండు రోజులు పట్టింది. బోల్టు తలలు నరుకుతుంటే ఉలి జారి ఎడమ చెయ్యి చీలింది. ఆర్లిస్ తన పోయిన భార్య కుట్టు సూదితోనే ఏడు కుట్లు వేశాడు. "ఏడవవేం?" అన్నాడు. "ఎవరి కోసం ఏడవమంటావు?" అన్నాను.

బజారు పైన్ చూశాను. పట్టుకుంటే అట్టముక్కలా ఉంది. దుంగలు మోసే బండికి అదేం ఆగుతుంది? నాకు మంచి ఆలోచన వచ్చింది. మన కంచె మీద ఉన్న తెల్ల ఓక్ చెట్టు కొడతాను. పైకొమ్మలు మొన్న వేసవి గాలికి విరిగాయి, మాను మాత్రం రాయిలా ఉంది. పీపాల చెక్కలు ఆరబెట్టే వేడి కొట్టంలో ఆర్లిస్ ఆరబెట్టి ఇస్తాడు. ఫిబ్రవరికి చెక్కలు తయారు.

ఆ చెట్టే ఎందుకంటావేమో. ఆ చెట్టంటే నాకు పగ. ఆ రోజు నువ్వు దానికి ఆనుకుని కంచె కడుతున్నావు. లెవీ స్ట్రౌడ్ వాళ్ళ వైపు నుంచి కాల్చాడు, గుండు నీ చెవి పక్క నుంచి పోయింది, నువ్వు తిరిగి కాల్చావు. ఇదంతా నువ్వు షెరీఫ్‌కి అక్కడే చెప్పావు. వాళ్ళు ఆ మాను మీద తల ఎత్తులో వెతికారు, గుండు దొరకలేదు, నువ్వు అబద్ధాలకోరువైపోయావు. నేను కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను, రెండు సార్లు తుపాకీ పేలింది, నా చెవులతో విన్నాను అని. పందులకి కుడితి పట్టుకెళ్తున్నాను. ఒకటి పేలింది. బకెట్టు కింద పెట్టాను, నడుం ఎత్తాను. రెండోది పేలింది. సర్కారు లాయరు నవ్వుతూ, "వేటకాలం మొదలైన రోజమ్మా, కొండంతా తుపాకులే. లెవీ దుప్పిని కొట్టాడు కాబట్టి వాడి తుపాకీలోనూ ఒక గుండు ఖాళీ. మీరు విన్నది ఏ తుపాకీయో ఎవరికి తెలుసు?" అన్నాడు. జనం కూడా నవ్వారు. ఆ నవ్వు తొమ్మిదేళ్ళుగా చర్చిలో నా వెనక బెంచీలో కూర్చుంటోంది.

ఆ చెట్టు అడ్డంగా కొట్టించి, నీ కాళ్ళ కింద చెక్కలుగా పరిపిస్తాను. నువ్వు దాన్ని తొక్కుకుంటూ బండి ఎక్కాలి.

నీ అక్క
ఒలీటా


రాష్ట్ర జైలు
నవంబరు 5

అక్కా,

ఆ చెట్టు కొట్టొద్దు.

దాని నిండా కంచె మేకులు. నాన్న కొట్టినవి, తాత కొట్టినవి, లోపల ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. రంపం ఇనుముకి తగిలి పగిలితే ఆ ముక్క మనిషిని రెండుగా కోస్తుంది. ఆర్లిస్ తమ్ముడు అలాగే పోయాడు, మెడ దగ్గర. కావాలంటే అడుగు. నీ చేతుల మీద ఇంకో చావు వద్దు.

పైన్ తెచ్చుకో. పైన్ చాలు. నేను బయటికొచ్చాక నాకు నచ్చింది నేనే వేసుకుంటాను. అది మన ఇద్దరి చెట్టు, నా మాట కూడా చెల్లాలి. నీకు దండం పెడతాను, ఈ ఒక్క మాట విను.

ఇక్కడ మూడు రోజులుగా తాళాలు తియ్యలేదు. పైఅంతస్తులో ఇద్దర్ని దుప్పట్లకి నిప్పంటించి కాల్చారు. వాసన ఇంకా పోలేదు.

ఉత్తరం అందగానే జవాబు రాయి. చెట్టు కొట్టలేదని రాయి.

డోయల్


క్రేన్ హాలో
నవంబరు 13

పిచ్చి తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి చెట్టు నేల మీద ఉంది. మేకుల గురించి నువ్వు అంతలా బెంగపడతావనుకోలేదు. ఆర్లిస్ పిల్లిలాంటివాడు, ముందు అన్నీ వాసన చూస్తాడు. అయస్కాంతం పెట్టి మాను చుట్టూ తిరిగాడు. పదకొండు మేకులు పీకాడు, ఒక గుర్రపు నాడా కూడా.

నువ్వు అసలు సంగతి రాయలేదు గానీ నాకు అర్థమైంది. చెట్టు పడితే ఎమ్మెట్ రెచ్చిపోతాడని నీ భయం. అది నిజమే. వాళ్ళ తమ్ముడు ఆ చెట్టుకి ఇరవై అడుగుల దూరంలో పడ్డాడు కదా, ఏటా ఆ రోజున ఎమ్మెట్ వచ్చి కంచె అవతల నిలబడతాడు. చెట్టు కొడుతుంటే వచ్చాడు. "అది ఉండనీ ఒలీటా. గుర్తుగా ఉండనీ" అన్నాడు. నేను గొడ్డలి దించలేదు. "నీకు గుర్తు కావాలంటే నీ పెరట్లో నాటుకో" అన్నాను. వాడు కంచె దాటాడు. నేను నాన్న తుపాకీ తీసుకుని వాడి బూట్ల ముందు మట్టిలో కాల్చాను. కంచె వెనక్కి ఎక్కుతూ చొక్కా చింపుకున్నాడు. నవ్వొచ్చింది.

మాను పడేటప్పుడు నిలువునా చీలి మొదలు పైకి లేచింది. ఆర్లిస్ పక్కకి దూకాడు గానీ లేకపోతే గడ్డం కింద నుంచి తల ఎగిరిపోయేది. ఆయన లేచి, బట్టలు దులుపుకుని, కాఫీ అడిగాడు. అంతే.

వచ్చే శనివారం కోత. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ అక్క
ఒలీటా


రాష్ట్ర జైలు
నవంబరు 17

అక్కా,

కోయించొద్దు. దుంగను దుంగలాగే పీపాల వాళ్ళకి అమ్మెయ్. అమ్మకపోతే పొయ్యిలో పెట్టు. నేను ఇక్కడ అన్నీ రాయలేను. ఎందుకని అడక్కు. చిన్నప్పటి నుంచి నువ్వడిగింది నేను చేశాను, నేనడిగింది ఒక్కటి నువ్వు చెయ్యి.

డోయల్


క్రేన్ హాలో
నవంబరు 20, ఆదివారం

నా బంగారు తమ్ముడూ,

కూర్చుని చదువు. దొరికింది.

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా నాకు చేరలేదు, చేరినా అందులో ఏం తిట్లున్నా పట్టించుకోను. లెవీ గుండు దొరికింది. నిన్న పొద్దున మొదటి దుంగ, అంటే వేరు పక్కనున్న మొదలు, రంపం మీదికి ఎక్కించారు. మూడో చెక్క తిరగేసేసరికి బూడిద రంగు మచ్చ, చిటికెన వేలి గోరంత. ఆర్లిస్ గోరుతో గీకి, "సీసం" అన్నాడు. చెట్టు దాన్ని మింగి తొమ్మిది పొరలు కప్పుకుంది. ఆయన వేలు పెట్టి లెక్కబెట్టి చూపించాడు. తొమ్మిదేళ్ళు. స్ట్రౌడ్ వాళ్ళ వైపు నుంచి దూరింది. తల ఎత్తులో కాదురా, మోకాలి ఎత్తులో ఉంది, ముళ్ళకంపల వెనక. ఈ మహానుభావులు పైనే వెతికారు. లెవీ చెయ్యి వణికిందో ఏమో, కిందికి కాల్చాడు.

నేను మిల్లులోనే కూర్చుని ఏడ్చాను. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. అక్కడున్న ఆరుగురూ టోపీలు తీశారు. వాళ్ళలో ఇద్దరు కోర్టులో నవ్వినవాళ్ళే.

అరగంటలో ఎమ్మెట్ దిగాడు. ఎవరు చెప్పారో. చెక్క చూశాడు, గుండు చూశాడు, "ఇది మా వాడిది కాదు" అన్నాడు. "మరి ఎవరిది, దేవదూతలదా?" అన్నాను. "మీ వాడు అబద్ధాలకోరు. నువ్వు వాడి అబద్ధాన్ని పెంచి పోషించేదానివి. మా లెవీ ఎవడి మీదా తుపాకీ ఎత్తలేదు" అని నా మొహం మీదే అన్నాడు. అందరూ వింటున్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత, నా చేతిలో సాక్ష్యం ఉండగా, మళ్ళీ అదే మాట. తొట్టి ఇనప పట్టీ ఒకటి కొలతకని తెచ్చాను, పక్కనే ఉంది. రెండు చేతులతో ఎత్తి కొట్టాను. మొహానికి తగిలింది. వాడు పడలేదు, రెండు చేతులూ కంటి మీద పెట్టుకుని అలాగే నిలబడ్డాడు, వేళ్ళ సందుల్లోంచి కారుతోంది. నేను ఇంకోటి కొట్టాను, భుజం మీద. ఆర్లిస్ నన్ను వెనక నుంచి పట్టుకున్నాడు. నన్ను ఆపకపోతే చంపేసేదాన్నే.

ఎడమ కన్ను పోయిందట. పోతే పోయింది. షెరీఫ్ ఒక పూట నన్ను కూర్చోబెట్టి వదిలేశాడు. ఎమ్మెట్ ఇంకా ఫిర్యాదు ఇవ్వలేదట, ఇస్తే చూద్దాం.

మన లాయరుకి ఫోన్ చేశాను. గుండు పంపమన్నాడు, తూకం వేయించి చూస్తాడట. డోయల్, నువ్వు పెరోల్ మీద తల దించుకుని బయటికి రానక్కర్లేదు. తప్పు చెయ్యనివాడిలా, నిటారుగా వస్తావు.

నీ అక్క
ఒలీటా


రాష్ట్ర జైలు
నవంబరు 27

అక్కా,

గుండు లాయరుకి పంపకు. బావిలో పడెయ్.

తొందరపడి కోప్పడకు, విను. పెరోల్ వాళ్ళు పాత కేసు తవ్వేవాళ్ళని వదలరు. తప్పు ఒప్పుకుని, బుద్ధొచ్చిందని చెప్పినవాణ్ణే వదుల్తారు. ఇక్కడ అందరూ అదే చెబుతారు. నాలుగు నెలలు ఓపిక పడితే నేను ఇంటికొస్తాను. ఎవరు ముందు కాల్చారో ఇప్పుడు ఎవరిక్కావాలి?

ఎమ్మెట్‌ని ఎందుకు కొట్టావక్కా? వాడి కన్ను నిజంగానే పోయిందా? రెండో కన్ను బాగుందా? అది రాయి.

చెక్కలు ఆరాక ఆ మూడోది మాత్రం వాడకు.

డోయల్


క్రేన్ హాలో
డిసెంబరు 11

డోయల్,

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. తొమ్మిదేళ్ళు జైల్లో ఉన్నవాడికి తన నిర్దోషిత్వం దొరికిందంటే ఎగిరి గంతెయ్యాలి. నువ్వు బావిలో పడెయ్యమన్నావు. ఎమ్మెట్ కన్ను గురించి రెండు సార్లు అడిగావు. లెవీ గుండు గురించి ఒక్కసారి కూడా అడగలేదు.

పడెయ్యలేదు. బూడిద నీళ్ళలో మరగబెట్టి పళ్ళ కుంచెతో తోమాను. ముందు భాగం చెట్టులో నలిగిపోయింది, వెనక భాగం చెక్కు చెదరలేదు. దాని అంచు మీద సన్నటి గీత ఉంది. నాన్న గుళ్ళు పోసే అచ్చులో దెబ్బ తగిలిన చోట పడే గీత. నేను మర్చిపోతానా? పదేళ్ళ వయసు నుంచి ఆ వంటింటి పొయ్యి మీద సీసం కాచి పోసింది నేనే కదా. చలికాలం రాత్రుళ్ళు నువ్వు ఎదురుగా కూర్చుని, చల్లారినవి తీసి డబ్బాలో వేసేవాడివి. ఆ డబ్బా ఇంకా అటక మీద ఉంది. ఒకటి తెచ్చి పక్కన పెట్టాను. గీత గీతకి సరిపోయింది. ఇంకోటి తెచ్చాను. అదీ సరిపోయింది. అలా ముప్ఫై ఒక్కటి చూశాను, ఒక్కటైనా తేడాగా ఉంటుందేమోనని.

ఆ గుళ్ళు పట్టే నాన్న తుపాకీ ఆ రోజు నీ చేతిలో ఉంది. నువ్వు ఒక్కసారే కాల్చానన్నావు. నేను రెండు విన్నాను. రెండూ నీవే.

ఇంకో సంగతి కూడా ఆలోచించాను, ఆలోచించకుండా ఉండలేక. నిలబడ్డ మనిషిని కాల్చినవాడి గుండు మోకాలి ఎత్తులో దూరదు. లెవీ మోకాళ్ళ మీద ఉన్నాడు. నువ్వు చెట్టు దగ్గర లేవు. స్ట్రౌడ్ వాళ్ళ కొండ మీద, అతని వెనక ఉన్నావు.

నేను నీ కోసం ప్రమాణం చేశాను. ఊరంతటినీ శత్రువుల్ని చేసుకున్నాను. నిజం చెప్పిన మనిషిని, అది నిజమని తెలియక, ఇనుముతో మొహం మీద కొట్టాను. ఒకసారి కాదు, రెండు సార్లు. నన్నేం చేసుకోమంటావు, చెప్పు.

ఎమ్మెట్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ జరిగింది జరిగినట్టు రాస్తాను. తలుపు వాడే తీశాడు. సగం మొహానికి గుడ్డ కట్టి ఉంది. నా చేతుల్లో ఏమన్నా ఉందేమోనని ముందు చేతులు చూశాడు. బల్ల మీద రెండు గుళ్ళూ పెట్టాను. చూపు ఆనక, బొటనవేలితో తడిమాడు. గీత దొరికాక వేలు అక్కడ ఆగిపోయింది.

"ఎంత ఎత్తులో ఉందన్నావు?"

నా మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

గుండు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత, "దుప్పి పొట్ట చీలుస్తూ ఉండుంటాడు" అన్నాడు.

"షెరీఫ్ దగ్గరికి పద. ఫిర్యాదు ఇవ్వు. నేను ఏదీ కాదనను."

"నిన్ను లోపల వేయిస్తే నన్ను కంటి డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? నాకు బండి నడపడం రావడం లేదు. మొన్న మేకపిల్లను తొక్కించాను."

"నేను తీసుకెళ్తాను."

"నాకు తెలుసు" అన్నాడు. నవ్వలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది.

లేవబోతుంటే ఆపాడు. "విచారణకి నేను రాను ఒలీటా. మీ వాడు వస్తే రానీ, చస్తే చావనీ, దానితో మా వాడు లేచి రాడు. గుండు కూడా నాకొద్దు. ఒక్కటి కావాలి. నువ్వు కోర్టులో చెప్పావు, మొదటిది పేలాక బకెట్టు కింద పెట్టి నడుం ఎత్తానని. అంత సేపుంది మధ్యలో. మా లెవీ నోరు మూసుకుని ఉండే రకం కాదు. ఏదో ఒకటి అనే ఉంటాడు. ఏమన్నాడో కనుక్కో" అన్నాడు.

కనుక్కుంటానని మాటిచ్చి వచ్చాను.

చెక్కలు బాగానే ఆరుతున్నాయి. ఎనిమిదీ వేస్తాను, మూడోది కూడా, బెజ్జం పైకి కనబడేలాగే. బండి ఇప్పుడు నీ కోసం కాదు. వారం వారం ఎమ్మెట్‌ని పట్నం తీసుకెళ్ళాలి, వాడి కట్టెలు తోలాలి, వాడి గడ్డి తోలాలి. లాయరుకి గుండు పోయిందని చెప్పాను. విచారణలో నీకు అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ నేను నోరు విప్పను. ఆర్లిస్ ఉత్తరం ఆయన ఇష్టం. నువ్వు ఊరుకుంటే నిన్ను వదిలేస్తారు కూడా. అది నీ చేతిలో ఉంది.

నాకు ఒక్క జవాబు రాయి. లెవీ ఏమన్నాడు?

ఒలీటా


రాష్ట్ర జైలు
1978 ఫిబ్రవరి 26

అక్కా,

రెండున్నర నెలలు పట్టింది. ఎన్ని కాగితాలు చింపానో లెక్కలేదు. విచారణ అయ్యాక, బయటికొచ్చాక, ఎదురుగా కూర్చుని చెబుదామని మొదట అనుకున్నాను. బయటికొస్తే చెప్పనని నాకే తెలుసు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఇది విప్పి చదివే ఆయన ఈ ఉదయం నుంచీ నా గది ముందే తిరుగుతున్నాడు. చదవనీ. పైవాళ్ళకి పంపుకోనీ.

ఆ దుప్పిని ముందు కొట్టింది నేను. పొద్దున్నే, అవతలి కొండ మీద. దెబ్బ తిని పారిపోయింది. రెండు మైళ్ళు దాని నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ, ముళ్ళలో పాక్కుంటూ వచ్చాను. కొమ్ములకి పది మొనలున్న దుప్పి, నా జీవితంలో అంతటిది చూడలేదు. మన కొండల్లో మొదటి నెత్తురు ఎవరు తీస్తే దుప్పి వాడిదే, అది అందరికీ తెలుసు. వచ్చేసరికి లెవీ దాన్ని కడతేర్చి, చెవికి తన వేట అనుమతి చీటీ కట్టేసి, పొట్ట చీలుస్తున్నాడు. అది నాదని వాడికి తెలియదు. వెళ్ళి చెబితే ఇచ్చేసేవాడేమో. వాడు అలాంటివాడే. నేను వెళ్ళి చెప్పలేదు. నాకు కళ్ళు మూసుకుపోయాయి అని రాద్దామనుకున్నాను, కానీ మూసుకుపోలేదు. అన్నీ స్పష్టంగా కనబడ్డాయి.

మొదటిది తప్పింది. చెట్టుకి తగిలిన చప్పుడు విన్నాను.

లెవీ మోకాళ్ళ మీంచి లేచాడు. తుపాకీ వాడి చేతిలో లేదు, కంచెకి ఆనించి ఉంది. దాన్ని తెచ్చి వాడి చెయ్యి కింద పెట్టింది తర్వాత నేనే. మోచేతుల దాకా దుప్పి నెత్తురు. వాడు తుపాకీ వైపు చూడను కూడా చూడలేదు. నేను వాణ్ణి దుప్పి అనుకుని పొరపాటున కాల్చానని అనుకున్నాడు. అలాంటప్పుడు మనం పిల్లలకి ఏం నేర్పుతామో అదే చేశాడు. ఎర్ర టోపీ తీసి, చెయ్యి పైకెత్తి, బాగా కనబడేలా ఊపాడు. నవ్వాడు కూడా, గండం గడిచిందని.

"డోయల్, నేనురా, లెవీని" అన్నాడు.

ఎమ్మెట్‌కి ఇది చదివి వినిపించు. ఏ మాటా వదలకు. లెవీయేనని నాకు తెలుసు. ముందు నుంచీ తెలుసు. ఆ టోపీ ఇంకా ఊగుతూ ఉండగానే కాల్చాను.

డోయల్